అన్వేషణ అయిపోయాక, తవ్వకం నడుస్తుండగా మళ్ళీ డ్రిల్లింగ్ ఎందుకు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఓపెన్‌కాస్ట్ బంగారు గనిలో జియాలజిస్టుగా చేరి ఆరు నెలలైంది. మోడల్ (డ్రిల్లింగ్ ఫలితాలతో కంప్యూటర్‌లో కట్టిన అంచనా) ప్రకారం టన్నుకు 1.8 గ్రాముల బంగారం రావాలి, రాయి నుంచి బంగారం తీసే మిల్లుకు చేరుతున్నది 1.4. ఈ అంకెనే గ్రేడ్ అంటాం. టన్నులు మాత్రం సరిపోతున్నాయి. మీ మేనేజర్ "ఏళ్ళ తరబడి డ్రిల్లింగ్ చేసి, నిల్వలు లెక్కగట్టి గని తెరిచాం కదా, తవ్వుతున్న చోట మళ్ళీ డ్రిల్లింగ్ దేనికి?" అంటున్నారు. తప్పు మోడల్‌దా, మీదా అని మీరు టెన్షన్ పడుతున్నారు.

ఇరవై మూడేళ్ళుగా నేను ఈ పనిలోనే ఉన్నాను. నా ఉద్యోగం మొదటి ఏడాదిలో దాదాపు ఇదే ప్రశ్నతో నిద్ర పట్టక తిరిగాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

గని తెరవకముందు చేసే అన్వేషణ ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఇక్కడ గని పెడితే నిలబడుతుందా? రేపు ఉదయం షవెల్ ఎత్తే బకెట్ రాయి నలగ్గొట్టే క్రషర్‌కు పోవాలా, పనికిరాని రాయి పోసే వేస్ట్ డంప్‌కు పోవాలా అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే అన్వేషణ కావాలి. అది తవ్వకంతో పాటే, తవ్వకానికి ఒక అడుగు ముందు నడుస్తుంది, గని మూసేదాకా ఆగదు. మేనేజర్‌కు ఈ తేడా అంకెల్లో చూపించండి, వెంటనే అర్థమవుతుంది.

మీ గనిలో మొదటి డ్రిల్లింగ్ 40 మీటర్లకు ఒక హోల్ చొప్పున జరిగిందని రాశారు. బెంచ్ (మెట్టులా తవ్వే ఒక్కో అంచె) ఎత్తు 10 మీటర్లు. అంటే ఒక్కో హోల్ చుట్టూ 40 బై 40 బై 10, మొత్తం 16,000 ఘనపు మీటర్ల రాయి. సాంద్రత 2.7 అనుకుంటే 43,200 టన్నులు. హెచ్‌క్యూ అనే ప్రామాణిక సైజు కోర్ (డ్రిల్ బయటికి తీసే రాతి కడ్డీ) వ్యాసం 63.5 మిల్లీమీటర్లు. పది మీటర్ల కోర్ బరువు సుమారు 85 కిలోలు. అందులో సగం కోసి పెట్టెలో దాచి, మిగతా సగం ల్యాబ్‌కు పంపుతాం, అంటే 43 కిలోలు. 43 కిలోల రాయి 43,200 టన్నుల తరఫున మాట్లాడుతోంది. పది లక్షల్లో ఒక వంతు! ల్యాబ్‌లో ఆ 43 కిలోలనూ కరిగించరు. పొడి చేసి, ఒక్కో మీటరు శాంపిల్ నుంచి 30 గ్రాములో 50 గ్రాములో మాత్రమే ఫైర్ అస్సేకు, అంటే కొలిమిలో కరిగించి బంగారం కొలిచే పరీక్షకు, వాడతారు. మొత్తం నిక్షేపం సగటు ఎంత అని చెప్పడానికి ఈ సమాచారం చాలు. ఎందుకంటే వందల హోల్స్ ఉంటాయి, ఒకదాని పొరపాటును ఇంకొకటి సర్దుతుంది. ఒక్క బెంచ్‌లో, ఒక్క షిఫ్టులో ఖనిజం హద్దు ఎక్కడుందో చెప్పడానికి మాత్రం ఇది ఏ మూలకూ సరిపోదు.

దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో పనిచేసిన ఇంజినీర్ డానీ క్రిగే 1951లో దీన్ని లెక్కలతో చూపించాడు. శాంపిళ్ళ ప్రకారం చాలా గొప్పగా ఉన్నాయనుకున్న బ్లాకులు తవ్వాక అంత రాలేదు. తక్కువ అనుకున్నవి తవ్వాక కాస్త మెరుగ్గా వచ్చాయి. ఎందుకంటే, ఎక్కువ గ్రేడ్ చూపించిన బ్లాకుల్లో కొన్ని నిజంగానే మంచివి, కొన్ని ఆ శాంపిల్ పడిన చోటు వల్ల మంచివిగా కనిపించినవి. కట్-ఆఫ్ (ఇంతకంటే తక్కువైతే వద్దనే గీత) పెట్టి, ఎక్కువ కనిపించినవాటినే ఏరుకుంటే రెండో రకం కూడా వెంట వస్తుంది. తర్వాత 1960లలో ఫ్రాన్స్‌లో జార్జ్ మాతెరోన్ దీన్ని సిద్ధాంతంగా మలిచి, చుట్టూ ఉన్న శాంపిళ్ళను బట్టి మధ్య చోటును అంచనా కట్టే పద్ధతిని క్రిగే పేరు మీదే క్రిగింగ్ అన్నాడు. మీ మోడల్ చేసింది కూడా బహుశా ఆ పద్ధతితోనే. అది మంచి పద్ధతే. కానీ 40 మీటర్ల దూరంలో ఉన్న రెండు హోల్స్ మధ్య ఏముందో దానికీ తెలియదు, అది సర్ది చెబుతుంది, అంతే. ఆ మధ్యలో నిజంగా ఏముందో చూడటమే మన ఉద్యోగం.

ఇప్పుడు మీ 1.4 సంగతికి వస్తాను. మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట "టన్నులు సరిపోతున్నాయి" అన్నది. చాలామంది దాన్ని మంచి కబురు అనుకుంటారు. నాకు మాత్రం మొదటి అనుమానం అక్కడే. ఒక చిన్న లెక్క చూడండి. ఖనిజం వెడల్పు 6 మీటర్లు, గ్రేడ్ 1.8. పక్కన ఉన్న వేస్ట్‌లో 0.2. మనం గీసిన హద్దు నిజమైన హద్దుకు మీటరున్నర పక్కకు జరిగిందనుకోండి. అప్పుడు ఒకవైపు మీటరున్నర ఖనిజం డంప్‌కు పోతుంది, రెండోవైపు మీటరున్నర వేస్ట్ క్రషర్‌కు వస్తుంది. మిల్లుకు వెళ్ళేది మళ్ళీ 6 మీటర్ల వెడల్పే, టన్నుల్లో తేడా ఉండదు. గ్రేడ్ మాత్రం 4.5 సార్లు 1.8, దానికి 1.5 సార్లు 0.2 కలిపి, 6తో భాగిస్తే సరిగ్గా 1.4. ఇక ఖనిజంలో నాలుగో వంతు వేస్ట్ డంప్ కింద పూడిపోయింది. మీ గనిలో జరుగుతున్నది ఇదేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. కానీ టన్నులు సరిపోయి గ్రేడ్ పడిపోతే ముందు హద్దుల్ని చూడండి, మోడల్‌ను తర్వాత చూద్దురుగాని.

హద్దు తప్పడానికి మూడు చోట్లు. గీసినప్పుడే తప్పు గీసి ఉండొచ్చు. గీసింది సరైనదే అయినా బ్లాస్టింగ్‌లో రాయి కదిలిపోయి ఉండొచ్చు. రెండూ బాగున్నా తవ్వినవాళ్ళు గీత దాటి ఉండొచ్చు. నా అనుభవంలో మూడోదాన్ని అందరూ ముందు నిందిస్తారు, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ రెండోదాన్ని నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. ఒక గనిలో బ్లాస్ట్ తర్వాత సర్వేయర్ వచ్చి, బ్లాస్ట్‌కు ముందు గీసిన ఖనిజం హద్దునే యథాతథంగా గుట్ట మీద సున్నంతో గీసేవాడు. షవెల్ ఆపరేటర్లు ఆ గీతను దేవుడి మాటలా పాటించేవాళ్ళు. ఒకరోజు గీతకు అవతల, వేస్ట్ వైపు నిలబడి ఉన్నాను. కాళ్ళ దగ్గర తెల్లని క్వార్ట్జ్ ముక్కలు, వాటిలో తుప్పు రంగు చారలు. మా ఖనిజం రాయి సరిగ్గా అలాగే ఉంటుంది. గీతకు ఇవతల, ఖనిజం అనుకున్న చోట, నున్నటి బూడిదరంగు గోడరాయి, అంటే ఖనిజం పక్కన ఉండే వేస్ట్ రాయి. డంపర్లు వరుసగా నింపుకుని వెళ్తున్నాయి. తర్వాతి బ్లాస్ట్‌కు ముందు నాలుగు ఖాళీ హోల్స్‌లో వేర్వేరు రంగుల ప్లాస్టిక్ పైపు ముక్కలు వేర్వేరు లోతుల్లో పెట్టాం. తవ్వేటప్పుడు ఎక్కడ బయటపడ్డాయో కొలిచాం. పైన పెట్టినవి మీటరు కూడా కదల్లేదు. బెంచ్ నడిమి లోతులో పెట్టినవి నాలుగు మీటర్లు జరిగాయి. అసలు కీలకం ఇదే. హోల్ పైభాగంలో పేలుడు పదార్థం ఉండదు, మట్టితో మూస్తాం, కాబట్టి పైన రాయి తక్కువ కదులుతుంది. అడుగు దగ్గర నేల పట్టి ఉంచుతుంది. నడుమ ఉన్నదే ఎక్కువ జరుగుతుంది. గుట్ట పైభాగం చూసి "పెద్దగా కదల్లేదులే" అనుకుంటే మోసపోతాం.

ఇప్పుడు దీనికి హోల్‌లో వేసి, బ్లాస్ట్ తర్వాత పైనుంచి వెతికి పట్టుకునే ఎలక్ట్రానిక్ పరికరాలు ఉన్నాయి. అవి లేకపోయినా పైపు ముక్కలతో మొదలుపెట్టొచ్చు. ఇంకో సంగతి, పేలుడు క్రమాన్ని మార్చి రాయిని ఖనిజం సాగే దిశలోనే కదిలేలా చేస్తే నష్టం బాగా తగ్గుతుంది. హద్దుకు అడ్డంగా తోస్తేనే చిక్కు. బ్లాస్టింగ్ ఇంజినీర్‌తో రోజూ టీ తాగేంత స్నేహం ఉండాలని కొత్తవాళ్ళకు నేను మొదటిరోజే చెబుతాను. ఆయన డిజైన్ చేసే ముందు మీ హద్దుల మ్యాప్ ఆయన బల్ల మీద ఉండాలి.

ఇక గీసినప్పుడే తప్పు జరిగితే? అప్పుడు శాంపిల్ దగ్గరకు వెళ్ళాలి. మీరు బ్లాస్ట్ హోల్స్ కట్టింగ్స్‌తోనే (పేలుడు కోసం వేసే హోల్స్ నుంచి వచ్చే రాతిపొడి) గ్రేడ్ కంట్రోల్ (ఏది ఖనిజమో, ఏది వేస్టో హద్దు గీయడం) చేస్తున్నామని రాశారు. అది చవక, ఎలాగూ వేసే హోల్సే. కానీ ఒకసారి రిగ్ (డ్రిల్లింగ్ యంత్రం) పక్కన కూర్చుని, హోల్ చుట్టూ ఆ పొడి కుప్ప ఎలా తయారవుతుందో హోల్ మొదలైనప్పటి నుంచి ఆఖరిదాకా చూడండి. మొదట వచ్చేది పై బెంచ్ బ్లాస్ట్‌కు నలిగిపోయిన రాయి. అది కుప్ప అడుగున, అంచుల్లో పడుతుంది. ఆఖరున వచ్చేది హోల్ అడుగు నుంచి. అది కుప్ప పైన, మధ్యలో కూర్చుంటుంది. 10 మీటర్ల బెంచ్‌కు మీటరో, మీటరుంబావో అదనంగా కింది బెంచ్‌లోకి డ్రిల్ చేస్తారు కదా, ఆ అదనపు రాయి కుప్ప నెత్తిన ఉంటుంది. ఇప్పుడు హెల్పర్ వచ్చి పైనుంచి రెండు గుప్పిళ్ళు సంచిలో వేశాడంటే, మీరు తవ్వబోయే బెంచ్ గ్రేడ్ కాకుండా కింది బెంచ్ గ్రేడ్ ల్యాబ్‌కు వెళ్తోంది. సన్నటి ధూళి గాలికి పోతుంది. మీ ఖనిజంలో బంగారం ఆ సన్నటి పొడిలో ఉంటే ఫలితం తక్కువ వస్తుంది. ముతక రేణువుల్లో ఉంటే ఎక్కువ వస్తుంది. ఎటు తప్పుతుందో గనిని బట్టి ఉంటుంది, కానీ తప్పడం ఖాయం. కనీసం కుప్పను మధ్య నుంచి అంచుదాకా, పైనుంచి కిందిదాకా కేకు ముక్కలా కోసి తీయించండి. కింది బెంచ్ నుంచి వచ్చిన పై పొరను ముందే పక్కకు తోసేయించండి.

వీలైతే బ్లాస్ట్ హోల్స్ మీద ఆధారపడటం మానేసి, ప్రత్యేకంగా గ్రేడ్ కంట్రోల్ కోసమే ఆర్‌సీ డ్రిల్లింగ్ (రివర్స్ సర్క్యులేషన్, రాతిపొడి పైపు లోపలి నుంచే పైకి వచ్చే పద్ధతి) పెట్టించండి. ఖనిజం సాగే దిశకు అడ్డంగా, దాని వాలుకు ఎదురుగా ఏటవాలుగా వేస్తారు. సాగే దిశలో 10 మీటర్లు, అడ్డంగా 5 మీటర్ల దూరం చాలా బంగారు గనుల్లో పనికొస్తుంది. ఒక్కసారి వేస్తే రెండు మూడు బెంచీలకు సరిపడా సమాచారం ముందే చేతిలో ఉంటుంది. నిలువు బ్లాస్ట్ హోల్ నిటారుగా ఉన్న ఖనిజపు హద్దును పట్టుకోలేదు, దాని పక్కనే దిగిపోతుంది. ఏటవాలు హోల్ దాన్ని కోసుకుంటూ వెళ్తుంది. రిగ్ దగ్గర సైక్లోన్ (గాలి నుంచి పొడిని వేరుచేసేది), స్ప్లిటర్ (శాంపిల్‌ను విడగొట్టేది) శుభ్రంగా ఉన్నాయా, ప్రతి మీటరు సంచి బరువు దాదాపు ఒకేలా వస్తోందా, శాంపిల్ పొడిగా ఉందా అన్న మూడూ చూసుకోండి. తడి శాంపిల్ స్ప్లిటర్ గోడలకు అంటుకుని, పై మీటరు బంగారం కింది మీటరులోకి జారుతుంది. తడి వచ్చిందంటే లాగ్ షీట్‌లో తప్పక రాయండి. రాయకుండా వదిలేసిన ఆ ఒక్క అక్షరం కోసం తర్వాత వారాలు వెతకాల్సి వస్తుంది.

ల్యాబ్ గురించి ఎక్కువ చెప్పను. ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియెర్ జీ శాంప్లింగ్ సిద్ధాంతంలో ఒక్క ముక్క గుర్తుంచుకోండి. శాంపిల్‌ను విడగొట్టేటప్పుడు వచ్చే పొరపాటు వేరియన్స్ (ఫలితాలు ఎంత చెదురుతాయో చెప్పే కొలత) కణం సైజు ఘనంతో పెరుగుతుంది. రాళ్ళు రెండింతలు ముతకగా ఉంటే ఎనిమిది రెట్లు. అందుకే ముందు నలగ్గొట్టాలి, తర్వాతే విడగొట్టాలి. బంగారం సాంద్రత 19.3, క్వార్ట్జ్‌ది 2.65. సంచిని జీపులో కుదుపుకుంటూ తీసుకెళ్తే బంగారం అడుక్కు చేరుతుంది. పైనుంచి గరిటెతో తీసిన శాంపిల్ దేనికీ పనికిరాదు. ప్రతి ఇరవై శాంపిళ్ళకు ఒక స్టాండర్డ్ (విలువ ముందే తెలిసినది), ఒక బ్లాంక్ (బంగారం లేనిది), ఒక డూప్లికేట్ (అదే శాంపిల్ రెండోసారి) పెట్టి, ఫలితాలు వచ్చిన రోజే గ్రాఫ్ మీద చూడండి.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక ఎత్తు, ఫేస్ మ్యాపింగ్, అంటే తవ్వగా బయటపడిన రాతి గోడను చూసి గీసుకోవడం, ఒక ఎత్తు. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. కోర్ పెట్టెలో సగం కోర్ పదేళ్ళ తర్వాతైనా ఉంటుంది, మళ్ళీ తీసి చూడొచ్చు. తవ్విన ఫేస్ రేపు ఉండదు. ఈ రోజు బ్లాస్ట్‌తో బయటపడిన గోడను ఈ రోజే చూడాలి. అది మరో షిఫ్టులో క్రషర్‌లోకి వెళ్ళిపోతుంది, దానితో పాటు అది చెప్పగలిగిన సంగతులూ పోతాయి. ఒక్క పది మీటర్ల ఫేస్‌లో ఎన్నో కోర్ హోల్స్‌కు దొరకని సమాచారం తెరిచిపెట్టి ఉంటుంది.

ఇంకో గనిలో జరిగింది చెబుతాను. మోడల్‌లో ఖనిజం ఒక హోల్ నుంచి పక్క హోల్‌కు నేరుగా, సాఫీగా కలిసి ఉంది. రెండు హోల్స్‌లోనూ మంచి గ్రేడ్, అనుమానించడానికి ఏమీ లేదు. ఒక ఉదయం ఫేస్ దగ్గర నాతో ఉన్న కుర్ర జియాలజిస్ట్ ఒక సన్నటి బూడిదరంగు బంకమట్టి పట్టీ చూపించాడు. వెడల్పు జానెడు. తడిగా, వేలితో నొక్కితే దిగుతోంది. దాని పక్క రాయి మీద నున్నగా రుద్దినట్టు గీతలు. ఫాల్ట్! అంటే రాయి విరిగి ఒక పక్క జరిగిపోయిన పగులు. దిక్సూచి పెట్టి వాలు, దిశ కొలిచి, ఫొటో తీసి, సర్వేయర్‌తో రెండు పాయింట్లు ఎత్తించాం. కింది రెండు బెంచీల్లో ఆ పట్టీ ఎక్కడ తగలాలో గీసి చూస్తే, అది సరిగ్గా ఆ రెండు హోల్స్ మధ్య నుంచి వెళ్తోంది. నాలుగు చిన్న హోల్స్ వేయించాం. ఖనిజం ఫాల్ట్‌కు అవతల పన్నెండు మీటర్లు పక్కకు జరిగి ఉంది. మోడల్ రెండు వేర్వేరు ముక్కల్ని ఒకటే అనుకుని కలిపేసింది. ఆ కుర్రాడు ఆ రోజు ఆఫీసులో కూర్చుని స్క్రీన్ మీద రంగు బ్లాకులు చూసుకుంటూ ఉండి ఉంటే, ఎన్నో వేల టన్నుల వేస్ట్‌ను మిల్లులో పోసి, అసలు ఖనిజం మీద డంపర్ల రోడ్డు వేసేవాళ్ళం.

అందుకని రోజులో మొదటి రెండు గంటలు పిట్‌లో (తవ్వకం గుంతలో) ఉండండి. ఇప్పుడు డ్రోన్‌తో తీసిన ఫొటోల నుంచి ఫేస్ మొత్తం త్రీడీలో తయారవుతుంది, వాడుకోండి. అయినా చేత్తో పట్టుకుని, సుత్తితో కొట్టి, లెన్స్‌లో చూసిన రాయికి అది బదులు కాదు. బంకమట్టి తడిని డ్రోన్ చెప్పదు. వదులు రాళ్ళు ఉన్న గోడ దగ్గరకు మాత్రం అనుమతి లేకుండా ఒక్క అడుగు వేయొద్దు. దూరం నుంచి చూసింది చాలు.

తవ్వకం ముందు డ్రిల్లింగ్‌కు గ్రేడ్ ఒక్కటే కారణం కాదు. మీ పిట్ కింద పాత సొరంగాలు ఉన్నాయని రాశారు. ఆ విషయం మేనేజర్‌కు మరీ గట్టిగా చెప్పండి. పాత మ్యాపులను నమ్మి ముందుకు వెళ్ళడం ఎంత ప్రమాదమో ఈ వృత్తి ప్రాణాలు పెట్టి నేర్చుకుంది. ఇంగ్లండ్‌లోని లాఫ్ట్‌హౌస్ బొగ్గు గనిలో 1973 మార్చిలో పాత తవ్వకాల నుంచి నీళ్ళు దూసుకొచ్చి ఏడుగురు చనిపోయారు. అమెరికాలోని క్వీక్రీక్ గనిలో 2002 జులైలో, పక్కనే మూసేసిన గని ఎక్కడిదాకా తవ్వారో చూపించే సరైన మ్యాప్ లేక, నీళ్ళు నిండిన ఆ గోడనే పగలగొట్టారు. చిక్కుకున్న తొమ్మిదిమందీ మూడు రోజులకు పైగా లోపలే ఉండి, చివరికి పైనుంచి వేసిన పెద్ద హోల్ గుండా ప్రాణాలతో బయటికొచ్చారు. అవి భూగర్భ గనులు, మీది ఓపెన్‌కాస్ట్. మీ దగ్గర నీళ్ళకు బదులు ఖాళీ ఉంటుంది. వంద టన్నుల డంపర్ కింద నేల పల్చగా ఉంటే చాలు, కూలిపోతుంది. పాత తవ్వకాల దగ్గరకు వచ్చే ప్రతి బెంచ్‌లో ముందుగా ప్రోబ్ హోల్స్ (కింద ఖాళీ ఉందేమో వెతికే హోల్స్) వేయాలి. డ్రిల్ బిట్ ఒక్కసారిగా జారిన లోతు, గాలి తిరిగి రాని చోటు డ్రిల్లర్ నోట్‌లో ఉండాలి. ఆ నోట్ ఆ షిఫ్టులోనే మీ దగ్గరకు రావాలి.

మరి 1.4 ఎక్కడ పుట్టిందో ఎలా పట్టుకోవాలి? గొలుసును లింకు లింకుగా విడదీయాలి. మొదట, తవ్విన అదే చోటుకు మోడల్ ఏం చెప్పింది, గ్రేడ్ కంట్రోల్ ఏం చెప్పింది? ఈ రెంటికీ తేడా ఉంటే పొరపాటు మోడల్‌లోనో, శాంప్లింగ్‌లోనో ఉంది. రెండోది, గ్రేడ్ కంట్రోల్ ఏం చెప్పింది, మిల్లు ఏం అందుకుంది? ఇక్కడ తేడా ఉంటే బ్లాస్టింగ్, తవ్వకం, డంపర్ దారి తప్పడం, లేదా మళ్ళీ శాంప్లింగ్. మిల్లు అంకెను బెల్టు మీద శాంపిల్‌తో కాకుండా, తీసిన బంగారం, టెయిలింగ్స్‌లో (బంగారం తీశాక మిగిలిన పొడిలో) పోయిన బంగారం రెండూ కలిపి వెనక్కి లెక్కగట్టమనండి. స్టాక్‌పైల్‌లో (మిల్లుకు పంపకుండా కుప్ప పోసిన ఖనిజంలో) పెరిగింది, తగ్గింది కూడా కలపండి. నెలవారీ అంకెలు ఊగుతూనే ఉంటాయి, మూడేసి నెలలు కలిపి చూడండి. టన్నుల విషయంలో ఒక జాగ్రత్త: మోడల్ టన్నులు పొడివి, డంపర్ టన్నులు తడివి. తేమ తీసేయకుండా పోలిస్తే, ఉన్న తేడా కూడా కనబడకుండా పోతుంది. పైన మెత్తబడిన రాయికి, కింద గట్టి రాయికి ఒకే సాంద్రత వేశారేమో కూడా చూడండి.

మేనేజర్‌కు ఒక్క అంకె చాలు. 1.8 గ్రేడ్ ఉన్న వంద టన్నుల డంపర్‌లో 180 గ్రాముల బంగారం ఉంది. పొరపాటున డంప్‌కు వెళ్ళిన ప్రతి డంపర్‌తో అంత పోతోంది. మీ గనిలో షిఫ్టుకు ఎన్ని ట్రిప్పులో, అందులో హద్దు పక్కనుంచి వెళ్ళేవి ఎన్నో ఆయనకే తెలుసు, గుణకారం ఆయన్నే చేయనివ్వండి. తర్వాత ఒక నెలకు కావలసిన ఆర్‌సీ మీటర్ల ఖర్చు ఆ పక్కన పెట్టండి.

వచ్చే బ్లాస్ట్‌లో పైపు ముక్కలు పెట్టించి, అవి ఎక్కడ బయటపడ్డాయో కొలవండి. గత మూడు నెలలకు మోడల్, గ్రేడ్ కంట్రోల్, మిల్లు అంకెలు పక్కపక్కనే వేసి ఇక్కడ పెట్టండి. కుప్ప నుంచి శాంపిల్ తీస్తున్నప్పటి ఫొటో ఒకటి ఉంటే అదీ పెట్టండి, చూసి చెబుతాను.